మాటకు వేసిన బాట

ఒక ఊరి నుండి మరొక ఊరికి ఫోనులో మాట్లాడడం ఒకప్పుడు ఎంతో ప్రయాసతో కూడిన పని. ముందుగా ఎక్స్ఛేంజికి ఫోను చేసి ట్రంకు కాల్ నమోదు చేయించుకోవాలి. ఆపరేటరు దారిలోని ఎక్స్ఛేంజీలను ఒక్కొక్కటిగా పిలిచి, తీగకు తీగ కలిపి, మార్గం ఏర్పడిన తరువాత తిరిగి కబురు చేసేవారు. అంతవరకు ఫోను పక్కన కూర్చొని ఎదురుచూడడం తప్ప వేరే మార్గం ఉండేది కాదు. 1960లో కాన్పూరు, లక్నో నగరాల మధ్య దేశంలో మొట్టమొదటి ఎస్.టి.డి. సౌకర్యం ఏర్పడింది. నంబరు తిప్పితే చాలు, యంత్రమే దారి కలిపేది. ఆపరేటరు అవసరం తప్పింది గాని మూలసూత్రం మాత్రం మారలేదు. ఇద్దరు మాట్లాడుకున్నంతసేపు ఒక దారి పూర్తిగా ఆ ఇద్దరికే కేటాయించి ఉండేది. మాటల నడుమ వారు మౌనంగా ఉన్నా ఆ దారిని మరొకరు వాడుకోవడానికి వీలులేదు. ఆ మౌనానికి కూడా రుసుము చెల్లించవలసిందే.

కంప్యూటర్ల వ్యవస్థ దీనికి భిన్నమైనది. అందులో ఎవరికీ ప్రత్యేకమైన దారి ఉండదు. సమాచారాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కపై చేరవలసిన చిరునామా వ్రాసి పంపుతారు. ఈ ముక్కలనే ప్యాకెట్లు అంటారు. అందరి ప్యాకెట్లూ ఒకే దారిలో, వచ్చిన వరుసలో, ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. మాటను కూడా ఇలాగే ప్యాకెట్లుగా పంపవచ్చునని అమెరికాలో శాస్త్రజ్ఞులు 1974లోనే ప్రయోగం చేసి చూపారు. ఆ ప్రయోగం కార్యాలయపు బల్లపైకి ఫోను రూపంలో రావడానికి మరొక పాతికేళ్ళు పట్టింది. అలా వచ్చినదే ఐపీ ఫోను. చూడడానికి మామూలు ఫోనులాగే ఉంటుంది. వెనుక మాత్రం టెలిఫోను తీగకు బదులు కంప్యూటరు తీగ ఉంటుంది.

అనేక శాఖలున్న సంస్థలకు ఈ ఫోను వలన కలిగే సౌకర్యం ఎక్కువ. ఉదాహరణకు ఒక ఆసుపత్రిని ఊహించుకుందాం. దాని ప్రధాన భవనం విశాఖపట్నంలో ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైన పాడేరులో ఒక చిన్న శాఖ ఉంది. శాఖలో పగలు ఒక వైద్యుడు, రాత్రి ఇద్దరు నర్సులు ఉంటారు. నిపుణులందరూ విశాఖలోనే. రోగుల వివరాలు, ఎక్స్‌రే చిత్రాలు పంపడానికి రెండు భవనాల మధ్య కంప్యూటరు లైను ఇదివరకే ఉంది. ఫోన్లను కూడా ఆ లైనుకే కలిపితే పాడేరులోని నర్సు మూడంకెల నంబరు నొక్కి విశాఖలోని హృద్రోగ నిపుణుడితో మాట్లాడవచ్చు. ఇద్దరూ ఒకే భవనంలో పక్కపక్క గదుల్లో ఉన్నట్లే లెక్క. ప్రతి కాలుకూ విడిగా ఛార్జీ ఉండదు. విశాఖకు వచ్చిన రోగి బంధువుల ఫోనును పాడేరుకు బదిలీ చేయవచ్చు. శాఖలో ప్రత్యేకంగా మరొక చిన్న ఎక్స్ఛేంజి కొనవలసిన పని కూడా లేదు. విశాఖలో ఉన్న ఒక్క కాల్ సర్వరే రెండు చోట్ల ఫోన్లనూ నడుపుతుంది.

ఇంత సులభమైతే చెప్పుకోవలసినది లేకపోవును. కాని లైను కలిపిన మొదటి రోజుననే మాట తెగిపోవడం, ఒకరి మాట మరొకరికి వినిపించకపోవడం, వర్షం కురిసిన రాత్రి ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోవడం వంటి అనుభవాలు ఈ పద్ధతిలో సాధారణం. వాటికి కారణం తెలియాలంటే మాట ప్యాకెట్లుగా మారే తీరు ముందు తెలియాలి.

ఫోనులో మనిషి మాటను గుర్తుపట్టడానికి సెకనుకు సుమారు 3,400 కంపనాల వరకు పంపితే చాలు. ఇందుకోసం ఐపీ ఫోను ధ్వనితరంగాన్ని సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కొక్క కొలతను ఎనిమిది బిట్లలో వ్రాస్తుంది. అంటే సెకనుకు 64,000 బిట్లు. సెకనులో వెయ్యోవంతును మిల్లీసెకను అంటారు. ప్రతి 20 మిల్లీసెకన్ల మాటను ఫోను ఒక ప్యాకెట్టులో కడుతుంది. అలా సెకనుకు యాభై ప్యాకెట్లు బయలుదేరుతాయి. ఒక్కొక్క దానిలో మాట 160 బైట్లు. చిరునామా, వరుససంఖ్య, సమయం మొదలైన వివరాలు మరో 40 బైట్లు. ఈ వివరాలతో కలిపి చూస్తే ఒక దిశలో సెకనుకు 80,000 బిట్ల దారి కావాలి. మాటను కుదించి పంపే పద్ధతులు కూడా ఉన్నాయి. జి.729 అనే పద్ధతిలో 160 బైట్ల మాట 20 బైట్లకు కుదించుకుపోతుంది. చిరునామా వివరాలు మాత్రం కుదించుకుపోవు; అవి 40 బైట్లుగానే ఉంటాయి. ఉత్తరం కంటే కవరు రెండింతల బరువున్నదన్నమాట! అందువలన మాట ఎనిమిదో వంతుకు తగ్గినా దారి అవసరం 80,000 నుండి 24,000 బిట్లకు మాత్రమే తగ్గుతుంది. ఈ లెక్క తెలియక, ఎనిమిదింతల కాల్స్ పడతాయని ఆశపడి చిన్న లైను తీసుకుంటే భంగపాటు తప్పదు.

మాటకూ ఇతర సమాచారానికీ మధ్య మరొక ముఖ్యమైన భేదముంది. ఎక్స్‌రే చిత్రంలో ఒక ప్యాకెట్టు దారిలో పోతే కంప్యూటరు దానిని మరల తెప్పించుకుంటుంది. చిత్రం రెండు సెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటుంది, అంతే. మాటకు అలాంటి వెసులుబాటు లేదు. పోయిన అక్షరాన్ని రెండు సెకన్ల తరువాత తెచ్చి ఇచ్చినా అది పంట ఎండిన తరువాత కురిసిన వాన వంటిదే. కాబట్టి ఐపీ ఫోను పోయిన ప్యాకెట్టును తిరిగి అడగదు. వచ్చినవాటితోనే సరిపెట్టుకుంటుంది. ప్యాకెట్లు కొన్ని ముందుగా, కొన్ని వెనుకగా చేరినా మాట కుదుపు లేకుండా వినిపించడానికి, వాటిని కొన్ని పదుల మిల్లీసెకన్లపాటు నిలువ ఉంచి వరుసగా వినిపిస్తుంది. ఈ నిలువ సమయాన్ని ఎక్కువ చేయడానికి లేదు. నోటి నుండి చెవికి మాట చేరడానికి పట్టే కాలం 150 మిల్లీసెకన్లకు లోబడి ఉండడం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం, ఒకేసారి ఆగడం మొదలవుతుంది.

దూరం వలన ఈ ఆలస్యం కలుగుతుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. గాజుతీగలో కాంతి సెకనుకు రమారమి రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన వంద కిలోమీటర్ల దూరానికి పట్టేది అర మిల్లీసెకను మాత్రమే. ఆలస్యమంతా లైను మొదట్లో, వరుసలో నిలబడినప్పుడు కలుగుతుంది. పాడేరు శాఖకు సెకనుకు రెండు మెగాబిట్ల లైను ఉన్నదనుకుందాం. రాత్రి పదకొండు గంటలకు ఛాతీనొప్పితో ఒక వృద్ధుడు వచ్చాడు. నర్సు విశాఖకు ఫోను చేసింది. వైద్యుడు ఎక్స్‌రే పంపమన్నాడు. పది మెగాబైట్ల ఆ చిత్రం పోవడానికి నలభై సెకన్లు పడుతుంది. ఆ నలభై సెకన్లూ లైను మొదట చిత్రపు ప్యాకెట్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్క పెద్ద ప్యాకెట్టు వెళ్ళడానికి ఆరు మిల్లీసెకన్లు. ముందు యాభై ప్యాకెట్లు నిలిచి ఉంటే నర్సు మాట మూడు వందల మిల్లీసెకన్లు ఆగాలి. నిలుచునే చోటు నిండిపోతే కొన్ని ప్యాకెట్లు బయటనే రాలిపోతాయి. చిత్రం అందుతున్నంతసేపు నర్సు చెబుతున్న రక్తపోటు అంకెలు వైద్యుడికి ముక్కలుముక్కలుగా వినిపిస్తాయి. సరిగా వినవలసిన సమయం అదే.

లైను పెద్దది తీసుకుంటే ఈ బాధ తీరుతుందనుకోవడం పొరపాటు. ఫైలును పంపే పద్ధతి ఎంత వెడల్పు దొరికితే అంతా ఆక్రమించే స్వభావం కలది. లైను పెరిగితే రద్దీ ఉండే సమయం తగ్గుతుంది గాని రద్దీ పోదు. దీనికి సరైన విరుగుడు మాటకు ప్రాధాన్యం ఇవ్వడమే. ఘాట్ రోడ్డులో లారీలు ఎన్ని ఉన్నా అంబులెన్సు వస్తే పక్కకు తప్పుకొంటాయి. అదేవిధంగా ఐపీ ఫోను తన ప్రతి ప్యాకెట్టుపైనా ఒక గుర్తు వేస్తుంది. ఆ గుర్తు చూసిన రూటరు దానిని వరుసలో నిలబెట్టక ముందుగా పంపుతుంది. అప్పుడు మాట ప్యాకెట్టు ఆగవలసినది, అప్పటికే లైనులోకి ఎక్కిన ఒక్క చిత్రపు ప్యాకెట్టు దాటిపోయేంతవరకే. అంటే ఆరు మిల్లీసెకన్లు.

అయితే ఈ గుర్తును రెండు చివరలా ఉన్న రూటర్లు గౌరవించాలి. నడుమ ఉన్న టెలికాం సంస్థతో కూడా అందుకు ఒప్పందం ఉండాలి. మామూలు ఇంటర్నెట్టు లైనులో నడుమనున్నవారు ఆ గుర్తును పట్టించుకుంటారన్న భరోసా లేదు. ప్రధాన కార్యాలయానికీ శాఖకూ మధ్య ఖరీదైనా ప్రత్యేకమైన లైను తీసుకొనే సంస్థలు ఇందుకే తీసుకుంటాయి. ప్రాధాన్యానికి ఒక హద్దు కూడా ఉండాలి. ఆరు కాల్స్‌కు సరిపడా దారి కేటాయించినప్పుడు ఏడవ కాలును సర్వరు నిరాకరించాలి. మొహమాటపడి దానిని కూడా అనుమతిస్తే చెడేది ఆ ఒక్క కాలు కాదు, ఏడూ చెడతాయి.

ఇక చిరునామాల సంగతి. శాఖలోని ఫోనును తీగకు తగిలించగానే అది ముందుగా తనకొక చిరునామా అడిగి తీసుకుంటుంది. తరువాత విశాఖలోని సర్వరును పలకరించి, తన నంబరును, రహస్యపదాన్ని తెలిపి నమోదు చేసుకుంటుంది. ఈ పలకరింపుల భాషను సిప్ అంటారు. ఇది 1999లో ప్రమాణంగా వెలువడి, 2002లో సమగ్రంగా సవరించబడింది. నర్సు నంబరు నొక్కినప్పుడు ఆ కబురు సర్వరుకు వెళుతుంది. అవతలి ఫోను మ్రోగుతుంది. అవతలివారు ఎత్తిన తరువాత సర్వరు పక్కకు తప్పుకోవచ్చు. మాట ప్యాకెట్లు ఫోను నుండి ఫోనుకు నేరుగా నడుస్తాయి. పెళ్ళిచూపులు ఏర్పాటు చేసిన పెద్దమనిషి తరువాత అరుగుమీదికి వెళ్ళి కూర్చున్నట్లు!

చిక్కు ఇక్కడే ఉంది. ప్రపంచంలో చిరునామాల కొరత వలన 1994లో కొన్ని శ్రేణులను సంస్థల లోపలి వాడకానికి ప్రత్యేకించారు. 10తోనూ, 192.168తోనూ మొదలయ్యే చిరునామాలు అటువంటివి. ఇవి భవనం లోపలనే చెల్లుతాయి. బయటికి పోయే ప్రతి ప్యాకెట్టుపైనా రూటరు లోపలి చిరునామాను తీసివేసి బయటి చిరునామా వ్రాస్తుంది. ఐపీ ఫోను తన చిరునామాను కవరుపైనే కాక లోపలి ఉత్తరంలో కూడా వ్రాస్తుంది. రూటరు కవరును దిద్దుతుంది గాని ఉత్తరాన్ని దిద్దదు. విశాఖలోని ఫోను ఉత్తరంలో ఉన్న చిరునామాకు జవాబు పంపుతుంది. ఆ చిరునామా బయట చెల్లదు గనుక జవాబు గాలిలో కలిసిపోతుంది. ఫలితంగా నర్సు మాట వైద్యుడికి వినిపిస్తుంది. వైద్యుడి మాట నర్సుకు వినిపించదు. ఫోను చెడిపోయిందని కొత్తది తెప్పించి పెట్టినా ఇదే జరుగుతుంది. ఉత్తరాన్ని కూడా దిద్దుతామని ముందుకు వచ్చే రూటర్లు ఉన్నాయి. అవి అరకొరగా దిద్ది పరిస్థితిని మరింత చిక్కుపరచిన సందర్భాలు తక్కువేమీ కాదు.

దీనికి నమ్మదగిన పరిష్కారం రెండు భవనాల మధ్య వీపీఎన్ అనే సొరంగం ఏర్పరచడం. శాఖ రూటరు ప్రతి ప్యాకెట్టును గూఢలిపిలోకి మార్చి, మరొక పెద్ద కవరులో పెట్టి పంపుతుంది. విశాఖ రూటరు పై కవరు విప్పి లోపలి దానిని ఉన్నదున్నట్లుగా అందిస్తుంది. ఉత్తరంలోని చిరునామా ఇప్పుడు రెండు చోట్లా చెల్లుతుంది. దారిలో ఎవరైనా ప్యాకెట్లను పట్టుకున్నా రోగి రహస్యాలు వారికి అర్థం కావు. రెండవ కవరు వలన ప్యాకెట్టు బరువు మరికొంత పెరుగుతుంది గనుక లైను లెక్క వేసేటప్పుడు దానిని కూడా కలుపుకోవాలి. మరొక జాగ్రత్త ఉంది. బజారులో కొన్న రూటర్లు చాలావరకు 192.168తో మొదలయ్యే ఒకటిరెండు శ్రేణులనే వాడుతూ వస్తాయి. రెండు భవనాల్లోనూ అదే శ్రేణి ఉంటే సొరంగం వేసినా ప్రయోజనం లేదు. రెండు వీధుల్లోని ఇళ్ళకు ఒకే వీధిపేరు, ఒకే తలుపు నంబరు ఉంటే తపాలా బంట్రోతు ఏమి చేయగలడు? విశాఖకు 10.1, పాడేరుకు 10.2 అని మొదటే పంచుకోవడం ఉత్తమం. ఇరవై శాఖలు పెట్టిన తరువాత చిరునామాలు మార్చడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు.

సొరంగం వేయక, సర్వరును నేరుగా ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచితే ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. తెరిచిన సర్వర్ల కోసం దొంగలు నడిపే ప్రోగ్రాములు ఇంటర్నెట్టులో రాత్రింబవళ్ళు వెతుకుతూ ఉంటాయి. 214 నంబరు ఫోనుకు రహస్యపదం కూడా 214 అని పెట్టడం చాలాచోట్ల కనిపించే అలవాటు. అటువంటి ఫోను పేరుతో దొంగలు లోపలికి ప్రవేశించి, సెలవు రోజుల్లో, అర్ధరాత్రుల్లో ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తారు. సంగతి బిల్లు వచ్చినప్పుడు బయటపడుతుంది.

పాత టెలిఫోనుకు ఒక సుగుణం ఉండేది. దానికి కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి అదే తీగ ద్వారా వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను పనిచేసేది. ఐపీ ఫోనుకు ఆ అదృష్టం లేదు. 2003లో వెలువడిన ఒక ప్రమాణం వలన కంప్యూటరు తీగ ద్వారానే ఫోనుకు విద్యుత్తు అందించే స్విచ్‌లు వచ్చాయి. వాటికి యూపీఎస్ తగిలిస్తే ఫోన్లన్నీ ఆ బ్యాటరీపై నడుస్తాయి. ఈ ఏర్పాటులో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. స్విచ్‌కు యూపీఎస్ పెట్టి, రూటరునూ టెలికాం సంస్థవారి చిన్న పెట్టెనూ గోడ ప్లగ్గుకు తగిలిస్తారు. కరెంటు పోయినప్పుడు ఫోన్ల దీపాలు వెలుగుతూనే ఉంటాయి. మాట మాత్రం భవనం దాటదు.

అన్నింటికంటె ఎక్కువగా ఆలోచించవలసినది లైను తెగినప్పుడు ఏమవుతుందన్న విషయం. ఘాట్ రోడ్డు పక్కన కొండచరియ విరిగిపడవచ్చు. రోడ్డు వెడల్పు చేసే యంత్రం కేబులును తెంపవచ్చు. సర్వరు విశాఖలో ఉంది గనుక లైను తెగిన మరుక్షణం పాడేరు ఫోన్లన్నింటికీ దిక్కు లేకుండా పోతుంది. విశాఖకు మాట్లాడలేకపోవడం అటుంచి, వార్డులోని నర్సు అదే భవనంలో కింది అంతస్తులోని మందుల గదికి కూడా ఫోను చేయలేదు. రెండు గదుల నడుమ తీగ బాగానే ఉన్నా, నంబరు చూసి కలిపే సర్వరు దూరాన ఉండిపోయింది. అందువలన శాఖలోని రూటరుకే ఒక చిన్న సర్వరుగా పనిచేసే సామర్థ్యం కల్పించాలి. విశాఖ పలకకపోతే ఫోన్లు కొద్ది నిమిషాల్లో ఈ రూటరు వద్ద నమోదు చేసుకుంటాయి. అదే పెట్టెకు ఒక స్థానిక ల్యాండ్‌లైనో, మొబైలు సిమ్ము ఉన్న పరికరమో కలిపి ఉంచితే బయటి ప్రపంచంతో సంబంధం తెగదు. ఖర్చు తగ్గించాలన్న ఉత్సాహంతో శాఖలోని పాత ల్యాండ్‌లైన్లన్నీ తీసివేయడం ఈ పనిలో జరిగే తప్పులలోకెల్లా పెద్దది.

స్థానిక లైను అవసరం లైను తెగినప్పుడే కాదు. బయటి కాల్స్ అన్నీ విశాఖ లైన్ల ద్వారానే పోయేటట్లు అమర్చారనుకుందాం. పాడేరులోని నర్సు 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవకు ఫోను చేస్తే, అవతలివారికి కనిపించేది విశాఖలోని ఆసుపత్రి నంబరు. ఆందోళనలో ఊరి పేరు చెప్పడం మరచినా, మాట మధ్యలో తెగినా అంబులెన్సు ఏ ఊరికి బయలుదేరాలో తెలియదు. కనుక 108, 112 వంటి నంబర్లు ఎల్లప్పుడూ స్థానిక లైను ద్వారానే బయటికి పోయేటట్లు అమర్చాలి.

ఫోను వ్యవస్థ అమరిక ప్రాణం మీదికి తెచ్చిన సంఘటన అమెరికాలో జరిగింది. టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో 2013 డిసెంబరులో ఒక మోటెలు గదిలో ఒక స్త్రీపై ఆమె నుండి విడిగా ఉంటున్న భర్త దాడి చేశాడు. ఆమె తొమ్మిదేళ్ళ కూతురు గదిలోని ఫోను తీసి అత్యవసర నంబరైన 911ను నాలుగుసార్లు నొక్కింది. ఒక్కసారి కూడా కాలు కలవలేదు. బయటి లైను కావాలంటే ముందుగా 9 నొక్కాలన్నది ఆ ఫోను వ్యవస్థ నియమం. పాపకు బడిలో నేర్పినది 911 మాత్రమే. తల్లి మరణించింది. ఆమె తండ్రి సాగించిన కృషి ఫలితంగా 2018లో ఆమె పేరుతో కారీస్ లా అనే చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తరువాత ఆ దేశంలో నెలకొల్పే ప్రతి కార్యాలయ ఫోను వ్యవస్థలోనూ ముందు ఏ అంకె లేకుండా 911 నొక్కితే కలవాలి. ఆ కాలు సంగతి ఆ సంస్థలోని బాధ్యులకు కూడా వెంటనే తెలియాలి. ఫోను ఏ భవనంలో, ఏ అంతస్తులో, ఏ గదిలో ఉందో కూడా అందించాలన్న నియమం స్థిరమైన ఫోన్లకు 2021 నుండి అమలులోకి వచ్చింది.

పాడేరు వంటి శాఖలో ఫోన్లు అమర్చడం పూర్తయిన తరువాత సాధారణంగా విశాఖకు ఒక కాలు చేసి, మాట బాగా వినిపిస్తే పని ముగిసిందని సంతకాలు చేస్తారు. అనుభవజ్ఞుడైన ఇంజనీరు అంతటితో వెళ్ళడు. పెద్ద ఫైలు ఒకటి పంపుతూ మరల మాట్లాడి చూస్తాడు. మెయిను స్విచ్ ఆపి యూపీఎస్ మీద ఎంతసేపు నడుస్తుందో గడియారం చూసి వ్రాసుకుంటాడు. చివరకు విశాఖకు పోయే తీగను తన చేతితోనే ఊడబీకి, ఫోన్లు రూటరు వద్ద నమోదయ్యేవరకు ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్కపెడతాడు. వార్డు నుండి మందుల గదికి ఫోను చేస్తాడు. తరువాత రాత్రి విధుల్లో ఉండే నర్సును పిలిచి, ముందుగా చెప్పి ఉంచిన స్థానిక నంబరుకు ఆమె చేతనే ఫోను చేయించి, అవతలివారికి కనిపించిన నంబరు ఏ ఊరిదో అడిగి తెలుసుకుంటాడు.